మొదటి స్నానం

ఆకురాయి కుమజో చేతిలోంచి జారి మూడోసారి మంచులో పడింది.

"తియ్యి," అన్నాడు మేస్త్రీ నిషిదే.

కుమజో వంగాడు. యాభై ఆరేళ్ళ మనిషి. హినోతానీ లోయలో అతను దించినన్ని దేవదారు మాన్లు ఇంకెవరూ దించలేదు. ఏ బండ పక్కన పడాలని వేలు చూపిస్తే ఆ బండ పక్కనే పడేది మాను. ఇప్పుడు ఆ వేలికి జానెడు ఇనుపముక్క చిక్కటం లేదు. రెండు అరచేతుల మధ్య ఇరికించి పైకి లేపబోయాడు. అది మళ్ళీ జారింది.

ముంగిట్లో మిగతా పద్దెనిమిది మంది కూలీలు వరసగా నిలబడి ఉన్నారు. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని ఫుమియే నిలబడింది. ఆ క్యాంపులో వంట చేసేదీ, స్నానాల కొట్టులో నీళ్ళు కాచేదీ ఆమే. ఆమెకు కుమజో వేళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రెండో కణుపు దాకా తెల్లగా ఉన్నాయి. గీత గీసినట్టు ఆ కణుపు దగ్గర తెలుపు ఆగింది. కింద మనిషి చెయ్యి, పైన కొవ్వొత్తి.

"రంపం పళ్ళకి సాన పట్టలేనోడివి రంపమేం పడతావ్?" అన్నాడు నిషిదే. "రాత్రి ఎంత తాగావ్?"

"తాగలేదు మేస్త్రీ. పొద్దున్నే చలికి ఇలా అవుతాయి. ఎండెక్కితే..."

"ఎండెక్కేదాకా దొర చెట్లు నీకోసం నిలబడి ఉంటాయా?"

"నిలబడే ఉంటాయి కదా మేస్త్రీ, చెట్లు," అని వరసలోంచి ఓ గొంతు. అందరూ నవ్వారు. ఆ గొంతు ఫుమియే భర్త టోకుజిది.

నిషిదే నవ్వలేదు. కుమజో రంపాన్ని బూటుతో పక్కకు తోశాడు. "ఇవాళ్టి నుంచి నీకు పని లేదు. పని లేనోడికి ఇల్లూ లేదు. మూడు రోజుల్లో ఖాళీ చెయ్యి."

ఎవరూ నవ్వలేదిక.

ఆ కొండలన్నీ హతకేయామా దొరవి. యుద్ధం అయ్యాక ప్రభుత్వం పొలాలు రైతులకు పంచింది గానీ కొండల జోలికి రాలేదు. కాబట్టి కింద లోయలో అందరూ రైతులయ్యారు, పైన కొండ మీద మాత్రం దొర దొరగానే మిగిలాడు. చెట్లు ఆయనవే, కూలీలుండే వరస ఇళ్ళూ ఆయనవే, క్యాంపులో బియ్యం ఆయనవే.

ఏడేళ్ళ కిందట వచ్చిన పెద్ద తుఫాను కొండల మీద చెట్లను గడ్డిలా పడేసింది. కుళ్ళిపోకముందే వాటిని కోసి అమ్ముకోవాలని దొర మిషన్ రంపాలు తెప్పించాడు. చేతిరంపంతో రోజంతా పట్టే మాను అరగంటలో తెగిపడేది. మొదటి రెండేళ్ళు మిషన్ పట్టినవాడు రాజు. మూడో ఏటి నుంచి తెలిసింది అసలు సంగతి. మిషన్ ఆపేసినా చేతుల్లో అది మోగుతూనే ఉండేది. అన్నం గిన్నె వణికేది. తర్వాత చలి పొద్దుల్లో వేళ్ళ చివర్లు తెల్లబడటం మొదలైంది. రక్తం తిరిగి వచ్చేటప్పుడు వెయ్యి చీమలు ఒక్కసారిగా కుట్టినట్టు నొప్పి. ఆ తర్వాత నొప్పి కూడా పోయింది. అదే అన్నిటికన్నా భయం.

మైనం వేళ్ళు అని పేరు పెట్టుకున్నారు వాళ్ళలో వాళ్ళు. సుఖరోగంలా దాచుకున్నారు. వేళ్ళు చచ్చాయని ఒప్పుకున్నవాడికి రంపం పోతుంది, రంపం పోతే ఇల్లు పోతుంది. టోకుజికి పోయిన చలికాలం మూడు వేళ్ళు తెల్లబడ్డాయి. ఈ చలికాలం ఎడమ చేతి బొటనవేలు కూడా. రోజూ పొద్దున గోడకేసి తిప్పి నిలబెట్టి, ఎవరూ చూడకుండా ఫుమియే అతని చొక్కా గుండీలు పెడుతుంది. ముప్పై నాలుగేళ్ళు అతనికి. ఈ వేళ్ళను రంపమే తినేసిందని డాక్టరెవరైనా కాగితం మీద రాస్తే దొర నేల మీద తేలిక పని ఇవ్వాలి, మందు ఇప్పించాలి, ఇల్లు ఉంచాలి. రాయకపోతే వచ్చే ఏడు మంచులో ఆకురాయి ఏరుకునేవాడు టోకుజే.

*

ఆ మర్నాడు మంచు గాలి కొట్టి పని ఆగిపోయింది. మధ్యాహ్నం అందరూ వంటింటి నిప్పుగుంట చుట్టూ చేరారు. కుమజో కూడా వచ్చి ఓ మూల కూర్చున్నాడు. వీపు మీద ఇంకా క్యాంపు కోటే ఉంది.

"పోయి దొరని అడుగుదాం," అన్నాడు టోకుజి. "డాక్టరుని పిలిపించమందాం. ఈ జబ్బు ఎందుకొచ్చిందో వాడే చెప్తాడు."

"దొరతో పెట్టుకోవద్దురా," అన్నాడు గోరోకు. క్యాంపులో అందరికంటే బలమైన వాడు, అందరికంటే దొర భక్తి ఎక్కువున్నవాడు. "మా నాన్న కాలు విరిగినప్పుడు దొరే మందులిప్పించాడు."

"ఆ కాలు మీద పడ్డ చెట్టు ఎవడిదిరా?"

"చెట్టుకేం తెలుసు ఎవడి మీద పడాలో!"

"దొరకి తెలుసుగా ఎవడి మీద పడదో! ఆయన మీద పడదు. ఆయనెప్పుడు చెట్టు కింద నిలబడ్డాడని?"

"నీ నోరే నిన్ను ముంచుద్ది టోకుజీ."

"నోరు కాదురా, ముందు చేతులు మునిగాయి. చూపించమంటావా నీ చేతులు? గ్లవ్వులు తియ్యవేం? వంటింట్లో కూడా గ్లవ్వులేంట్రా, పెళ్ళికొడుకులా?"

గోరోకు మొహం ఎర్రబడింది. దెబ్బలాట అయ్యేదే. అంతలో ఫుమియేకు మాడు వాసన తగిలింది. ఎండుచేప మాడుతోందనుకుని ఇనుపచట్రం వైపు చూసింది. అక్కడ చేప లేదు.

"బాబాయ్!" అని కేక పెట్టింది. "నీ చెయ్యి!"

కుమజో చలి కాచుకుంటూ ఎడమ చెయ్యి నిప్పుగుంట గట్టు మీద ఆనించి కూర్చున్నాడు. చిటికెనవేలు నిప్పు కణికెను ఆనుకుని ఉంది. చర్మం నల్లగా ముడుచుకుపోతోంది. ఆయన తలవంచి చూసుకున్నాడు. ఆ వేలు వేరే ఎవరిదో అన్నట్టు, కాస్త ఆశ్చర్యంగా.

"అరె," అన్నాడు. "నాదే."

ఫుమియే చెయ్యి లాగి నీళ్ళ కుండలో ముంచింది. ఎండిన దేవదారు చితుకు ఒకటి ఫట్‌మని పేలింది. గోరోకు తలెత్తకుండా ముందు కుడి చేతి గ్లవ్వు తీశాడు. తర్వాత ఎడమది. అయిదు వేళ్ళు తెల్లగా ఉన్నాయి. తర్వాత పక్కవాడు. తర్వాత వాడి పక్కవాడు. ఆ గదిలో రంపం పట్టేవాళ్ళు పధ్నాలుగు మంది. పధ్నాలుగు మందీ ఇన్నేళ్ళూ ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నది ఒక్క మధ్యాహ్నంలో బయటపడింది. మానులు లాగే అయిదుగురు కూలీలు మాత్రం తమ ఎర్రటి చేతులు చూసుకుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నారు.

"అడుగుదాం," అన్నాడు గోరోకు.

*

దొర వెంటనే ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అనుమానించాల్సింది. ఎవరూ అనుమానించలేదు.

ఆదివారం నక్కతోలు కాలరు వేసుకుని, మెత్తగా నవ్వుతూ, డాక్టర్ ఇనబాను వెంటబెట్టుకుని కొండెక్కాడు. "మీరు బాగుంటేనే నా కొండ బాగుంటుంది," అన్నాడు. అక్కడితో ఆగలేదు. "డాక్టరు గారి ముందుకి చెమట వాసనతో పోతారా? ఇవాళ మొదటి స్నానం మీది."

కూలీలు నమ్మలేక మొహమొహాలు చూసుకున్నారు. దొర కొండ మీదికి వచ్చిన రోజున స్నానాల కొట్టులో వేడి నీళ్ళలోకి మొదట దిగేది దొర. ఆయన లేచాక మేస్త్రీ. తర్వాత వయసు వరసన కూలీలు. నీళ్ళు బూడిద రంగుకు తిరిగి చల్లారాక ఆడవాళ్ళు. ఇరవై ఏళ్ళలో ఆ వరస ఎప్పుడూ మారలేదు. అలాంటిది మొదటి నీళ్ళు, పొగలు కక్కే తేట నీళ్ళు, కూలీలకు! గోరోకు కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ నడుం వంచి దణ్ణం పెట్టారు. డాక్టరు ముందు శుభ్రంగా కనబడాలని గోళ్ళ సందులు కూడా బ్రష్షుతో రుద్దుకున్నారు. దొర ఇచ్చిన గౌరవం వృథా చెయ్యకూడదని జట్లు జట్లుగా దిగి ముప్పావుగంట మెడ దాకా మునిగి కూర్చున్నారు.

బయట ఫుమియే పొయ్యిలో కట్టెలు వేస్తూనే ఉంది. "రెండు మోపులు ఎక్కువ వెయ్యి," అని చెప్పిపోయాడు నిషిదే. "మంట తగ్గితే ఊరుకోను." ఆమె సంతోషంగానే వేసింది.

డాక్టరు కూర్చున్న గదిలో రెండు కుంపట్లు పెట్టారు. ఒక్కొక్కరికి నిమిషం కూడా పట్టలేదు. వేళ్ళు చూశాడు, నొక్కాడు, వదిలాడు. సాయంత్రానికి కాగితం గోడకెక్కింది. రంపం పట్టే వాళ్ళందరి వేళ్ళలోనూ రక్తప్రసరణ సక్రమంగా ఉంది. కుమజో విషయంలో కారణాలు వయసు, మద్యం, పొగాకు.

"చూశారా? ఏం లేదంట!" అన్నాడు గోరోకు. భార్య చనిపోయిన నాటి నుంచి, అంటే పదకొండేళ్ళుగా, కుమజో చుక్క ముట్టలేదు. ఆ సంగతి లోయంతా ఎరుగును. అయినా కాగితం మీద ఉన్నది కాగితం మీదే ఉంది.

*

తెల్లవారింది. ఫుమియే టోకుజిని గోడకేసి తిప్పి గుండీలు పెడుతోంది. అతని ఎడమ చేతి వేళ్ళు పాలిపోయి బిగుసుకుపోయాయి.

"నిన్న డాక్టరు ముందు ఎలా ఉన్నాయి?"

"పసిపిల్లాడి వేళ్ళలా ఉన్నాయి. నాకే ముచ్చటేసింది."

మూడో గుండీ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ముప్పావుగంట వేడి నీళ్ళు. రెండు మోపులు ఎక్కువ. రెండు కుంపట్లు. దొర వదులుకున్న మొదటి స్నానం. అన్నీ ఒక్క చోట కలిశాయి. ఆమె ఒళ్ళు చల్లబడింది. ఆ తర్వాత మండింది.

గుండీలు సగంలో వదిలేసి ముంగిట్లోకి వచ్చింది. కూలీలు రంపాల్లో పెట్రోలు పోసుకుంటున్నారు.

"ఒరే, చేతులు చూపించండి! అందరూ! ఇప్పుడే!"

చూపించారు. తెల్లటివి, పసుపు పచ్చనివి, నీలం తిరిగినవి.

"వీటినే చూపించాలి డాక్టరుకి! చలికి చచ్చే వేళ్ళని వేణ్ణీళ్ళలో బతికించి తీసుకెళ్ళి చూపించారు. ఆ నీళ్ళు కాచింది ఎవరు? నేను! రెండు మోపులు ఎక్కువ వేసి మరీ కాచాను. ఇరవై ఏళ్ళలో లేనిది నిన్ననే మొదటి స్నానం మీకెందుకు ఇచ్చాడనుకున్నారు? మీ మీద ప్రేమా? కోడిని కోసేముందు వేణ్ణీళ్ళు కాచినట్టు కాచాడు నా చేత!"

గోరోకు మొహంలో ఏదో విరిగింది.

టోకుజి గొడ్డలి అందుకున్నాడు. "నిషిదే ఎక్కడున్నాడు?"

ఫుమియే అడ్డం నిలబడింది. "వాడి తల పగలగొట్టి ఏం చేస్తావ్? నువ్వు జైలుకి పోతావు, దొరకి ఇంకో మేస్త్రీ వస్తాడు. నాకు నిషిదే తల వద్దు."

"మరి ఏం కావాలే నీకు?"

"దొర చేతులు కావాలి."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే ఎవరైనా నవ్వేవాళ్ళేమో.

ఆ పొద్దున పధ్నాలుగు రంపాలూ ముంగిట్లో వరసగా పెట్టారు. ఎవరూ మిషన్ స్టార్టు చేసే తాడు లాగలేదు. కొండ నోరు మూసుకుంది. సాయంత్రానికి రంపాల మీద మంచు కప్పింది.

నిషిదే అరిచాడు, బతిమాలాడు, తిట్టాడు. మూడో రోజు బియ్యం ఆపించాడు. వరస ఇళ్ళ ఆడవాళ్ళు బార్లీ, చిలగడదుంపలు, ముల్లంగి ఊరగాయ మోసుకొచ్చారు. కుమజో ఇల్లు ఖాళీ చేయించడానికి దొర మనుషులు ఇద్దరు వచ్చారు. గుమ్మంలో గోరోకు అడ్డంగా పడుకుని ఉన్నాడు. "నన్ను దాటి పొండి," అన్నాడు. వాళ్ళు గోరోకు పొడవు చూసి, వెడల్పు చూసి, వెనక్కి పోయారు.

పట్నంలో ఎక్కడో పెద్ద కట్టడం లేస్తోంది, నెలాఖరుకు దొర అక్కడికి దూలాలు దింపాలి. అయిదో రోజు దొర తన చివరి ముక్క వేశాడు. పట్నం నుంచి కార్మిక శాఖ అధికారిని తీసుకొస్తాడట. ఆయన కళ్ళ ముందే డాక్టరు మళ్ళీ పరీక్ష చేస్తాడట. వేళ్ళు బాగున్నాయని సర్కారు ముద్ర పడితే ఇక పని మానేసిన ప్రతివాడూ రోడ్డు మీదే.

"ఎల్లుండి పొద్దున్న నీళ్ళు బాగా కాగాలి," అన్నాడు నిషిదే ఫుమియేతో.

"కాగుతాయి మేస్త్రీ. మీరు చూస్తుండండి."

ఆ సాయంత్రమే వంటింట్లో అందరూ కూర్చున్నారు. కుమజో నడిపించాడు సమావేశం. ఏళ్ళ తరబడి ఆ జబ్బును మోసినవాడికి దాని గుణం తెలుసు.

"మంచు నీళ్ళలో చేతులొక్కటే ముంచితే కొందరికి తెలుపు రాదు," అన్నాడు. "ఒళ్ళంతా వణకాలి. అప్పుడు అన్నిటికంటే ముందు వేళ్ళలో రక్తం వెనక్కి పోద్ది. తెల్లవారుజాము నుంచి బయట కూర్చోవాలి. నిప్పు వద్దు, వేడి చారు వద్దు."

"బాబాయ్, రక్తం తిరిగొచ్చేటప్పుడు చచ్చిపోతాం కదా," అన్నాడు ఒకడు.

"ఏడుద్దువులే. ఆ ఏడుపు కూడా వాళ్ళు చూడాలి."

*

తెల్లవారుజాము నుంచి పంతొమ్మిది మందీ మానుల దిబ్బ మీద కూర్చున్నారు. రంపం పట్టని అయిదుగురూ కూడా వచ్చి కూర్చున్నారు, ఎవరూ పిలవకుండానే. ఫుమియే ఆ పొద్దున చారు కాచలేదు. స్నానాల కొట్టు పొయ్యి నోట్లో మాత్రం పచ్చి దేవదారు ఆకు వేసింది. పచ్చి ఆకుకు పొగ ఎక్కువ, వేడి తక్కువ. గొట్టంలోంచి తెల్లటి పొగ దర్జాగా లేచింది. లోపల తొట్టిలో వాగు నీళ్ళు, పైన పారలతో ఎత్తి పోసిన మంచు.

తొమ్మిదింటికి వచ్చారు. దొర, డాక్టరు, నిషిదే, వాళ్ళతో సన్నటి కుర్ర అధికారి. పట్నం బూట్లు తడిసి కిచకిచమంటున్నాయి. వాళ్ళు వచ్చేసరికి ముంగిలి నిండా వరస ఇళ్ళ ఆడవాళ్ళు, ముసలివాళ్ళు నిలబడి ఉన్నారు.

దొర గొట్టం వైపు చూసి తృప్తిగా తలాడించాడు. "ముందు మీరు స్నానం చేసి రండి. తర్వాత పరీక్ష."

ఫుమియే ముందుకొచ్చి వంగి దణ్ణం పెట్టింది. "దొరా, మొదటి స్నానం మీది. పోయినసారి మాకు వదిలేశారు. మళ్ళీ మేమే దిగితే కళ్ళు పోతాయి. మీరు దిగండి."

"వద్దు వద్దు. వాళ్ళనే దిగనీ."

"ఒక్క చెయ్యైనా పెట్టండి దొరా. వేడి సరిపోయిందో లేదో చూడాలిగా!"

"వద్దన్నానా!"

ఆమె అధికారి వైపు తిరిగింది. "అయ్యా, ఈ దొర గారు ఇరవై ఏళ్ళలో రెండుసార్లే తన స్నానం కూలీలకి ఇచ్చారు. రెండుసార్లూ డాక్టరు వచ్చిన రోజే. ఎందుకో మీరడగండి. మేం అడిగితే చెప్పరు."

అధికారి దొర వైపు చూశాడు. దొర నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఫుమియే కొట్టు తలుపు తీసింది. ఆవిరి రాలేదు. తొట్టిలో మంచు గడ్డలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి.

"పదండ్రా!" అన్నాడు కుమజో.

మోచేతుల దాకా ముంచారు, నలుగురి తర్వాత నలుగురు, తొట్టి చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని. ఫుమియే వంటింటి గడియారం తెచ్చి అందరికీ కనపడేలా గట్టు మీద పెట్టింది. ఒక్కో జట్టుకు పది నిమిషాలు. పళ్ళు టకటకలాడుతున్నాయి. టోకుజి కింది పెదవి కొరుక్కుని రక్తం చిందించాడు. ఆమె చూసింది, మొహం తిప్పుకోలేదు.

బయటికి తీసి ఎత్తి పట్టుకున్నారు. రంపం పట్టే పధ్నాలుగు మందిలో పన్నెండు మంది వేళ్ళు మైనంలా తెల్లగా నిలబడ్డాయి. మిగతా ఇద్దరివి మచ్చలు మచ్చలుగా పాలిపోయాయి. మానులు లాగే అయిదుగురి చేతులు మాత్రం అరటిపువ్వులా ఎర్రగా ఉన్నాయి. అధికారి కుమజో వేలిని గుండుసూదితో తాకాడు. తర్వాత కొంచెం గుచ్చాడు. కుమజో ఆయన మొహంలోకే చూస్తున్నాడు.

"గుచ్చారా అయ్యా?" అని అడిగాడు.

డాక్టర్ ఇనబా గొంతు పెంచాడు. "ఇది మోసం! మంచు నీళ్ళలో పెడితే ఎవరి చేతులైనా ఇలాగే అవుతాయి!"

ఫుమియే ఈ మాట కోసమే వారం రోజులుగా ఎదురుచూస్తోంది.

"ఎవరివైనానా డాక్టరు గారూ?"

"ఎవరివైనా!"

"అయితే పెట్టండి."

జనం గుమ్మానికి అడ్డంగా కదిలారు. తోసుకోలేదు, అరవలేదు. కదిలి నిలబడ్డారు, అంతే. మొదట అధికారి గడియారం విప్పి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా చేతులు మడిచి తనే ముంచాడు. ఆయన ముంచాక డాక్టరు ముంచక తప్పలేదు. నిషిదే జనంలోకి నక్కబోతే వరస ఇంటి ముసలామె ఒకతె చెవి పట్టుకుని తెచ్చింది.

దొర మిగిలాడు.

"నేనెందుకు? నేను దొరని!"

"అందుకే మొదటి స్నానం ఇస్తామన్నాం," అంది ఫుమియే. "మీరే వద్దన్నారు."

కుమజో దగ్గరికొచ్చాడు. కాలిన చిటికెనవేలితో సహా తన రెండు చేతులూ దొర మొహం ముందు పెట్టాడు. "నేనే పట్టుకుని ముంచేవాణ్ణి దొరా. నా వేళ్ళకి పట్టు లేదు. నీ రంపం తినేసింది."

అప్పుడు కదిలాడు గోరోకు. దొర మోచేతులు వెనక నుంచి పట్టుకున్నాడు, ఎప్పుడూ ఆయన కోటు తొడిగినంత మర్యాదగానే. వేళ్ళకు పట్టు లేకపోతేనేం, భుజాలున్నాయి. నక్కతోలు అంచులతో సహా దొర చేతులు మంచు నీళ్ళలోకి దిగాయి.

రెండో నిమిషానికి దొర తిట్టాడు. నాలుగో నిమిషానికి అరిచాడు. అయిదో నిమిషానికి పేర్లు పెట్టి అందర్నీ బతిమాలాడు. ఇన్నేళ్ళకు ఆయనకు వాళ్ళ పేర్లు తెలుసని వాళ్ళకు అప్పుడే తెలిసింది.

"తియ్యండి! నొప్పి! నొప్పి!"

"నొప్పి తెలుస్తోందిగా దొరా," అంది ఫుమియే గడియారం మీంచి చూపు తిప్పకుండా. "అదృష్టవంతులు. ఇంకా అయిదు నిమిషాలు. వీళ్ళు చలికాలాలకు చలికాలాలే ఓర్చుకున్నారు."

జాలి ఎక్కడైనా ఉందేమోనని తనలో వెతుక్కుంది. లేదు. గోడకేసి తిప్పి నిలబెట్టిన టోకుజి వీపు మాత్రం కనిపించింది. ఆమె ఒక్క క్షణం కూడా ముందు తియ్యనివ్వలేదు.

పది నిమిషాలు. తీశారు.

దొర చేతులు ఉడికించిన పీతల్లా ఎర్రగా ఉన్నాయి. డాక్టరువీ ఎరుపే. అధికారివీ ఎరుపే. మేస్త్రీవీ ఎరుపే. మానులు లాగే అయిదుగురి చేతులు వాటి పక్కన పెడితే ఏవి ఎవరివో చెప్పడం కష్టం. ఆ వరసకు ఎదురుగా పధ్నాలుగు జతల చచ్చిన చేతులు. వాటిలోకి రక్తం ఇప్పుడిప్పుడే తిరిగొస్తోంది. మూలుగులు మొదలయ్యాయి. గట్టి గట్టి మగవాళ్ళు మంచులో మోకాళ్ళ మీద కూలబడి చంకల్లో చేతులు దూర్చుకుని ఊగిపోతున్నారు.

అధికారి కలం పట్టుకోవడానికి తడబడ్డాడు. పట్టుకున్నాక చాలాసేపు రాశాడు. "డాక్టరు గారూ, చూసింది చూసినట్టు రాశాను. సంతకం చెయ్యండి," అన్నాడు. డాక్టర్ ఇనబా ఎవరి వైపూ చూడకుండా చేశాడు.

"ఇక మాకు మందు, ఇల్లు, తేలిక పని వచ్చినట్టేనా?" అని అడిగాడు టోకుజి.

అధికారి నిజాయితీపరుడు. "అది నా చేతిలో లేదు. పైవాళ్ళు చూడాలి. ఈ కాగితాన్ని కప్పెట్టాలని చూస్తారు కూడా."

"కప్పెడితే?"

"ఇలాంటివి చాలా రావాలి, ప్రతి కొండ నుంచీ. అప్పుడు కప్పెట్టలేరు."

*

మధ్యాహ్నానికి పోలీసు లారీ వచ్చింది. దొర మీద దౌర్జన్యం.

"దొర చేతులు ముంచిందెవరు?" అని అడిగాడు పోలీసాయన.

పంతొమ్మిది మందీ చేతులెత్తారు. వెనక ఆడవాళ్ళూ ఎత్తారు. ముసలామె రెండు చేతులూ ఎత్తింది. పోలీసాయన తన లారీ వంక చూసుకున్నాడు. ఆరుగురికి మించి పట్టరు.

"నీళ్ళు పెట్టిందెవరు?"

"నేను," అంది ఫుమియే. "స్నానాల కొట్టు నాది."

టోకుజి అడ్డంపడబోయాడు. ఆమె కళ్ళతోనే ఆపింది. "రంపం ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది. "నేను తిరిగొచ్చేసరికి అన్నీ మంచు కిందే ఉండాలి."

లారీ కొండ దిగుతోంది. కింది మలుపు దగ్గర డ్రైవరు బ్రేకు వేశాడు. రోడ్డుకు అడ్డంగా మనుషులు. పక్క లోయ క్యాంపు కూలీలు, నలభై మంది దాకా ఉంటారు. ఆ కొండ ఇంకో దొరది. పొద్దుటి సంగతి కలప లారీ డ్రైవరు వాళ్ళకు అప్పుడే చేరవేశాడు.

పోలీసాయన హారన్ కొట్టాడు. ఎవరూ తప్పుకోలేదు. తల దించుకుని దారి ఇచ్చే మనుషులు కారు వాళ్ళు ఇవాళ. నెరిసిన గడ్డంతో ఒక పెద్దమనిషి లారీ వెనక్కి వచ్చి పలకల సందులోంచి చూశాడు.

"చెల్లెమ్మా, దొర చేతులు ముంచింది నువ్వేనా?"

"నేనే అన్నా."

"ఎంతసేపు?"

"పది నిమిషాలు. అయిదు నిమిషాలకే అరుస్తారు," అంది ఫుమియే. "అప్పుడు తియ్యకండి."